కులం రాసిండ్రు, ఇంటిపేరు రాయలే

పెద్ద కులాల ఇండ్లల్ల ఇప్పుడొక కొత్త ముచ్చట నడుస్తున్నది. ఇంటిపేరు పట్టుకొని అమెరికాలో ఉన్నోళ్లను, ఆస్ట్రేలియాలో ఉన్నోళ్లను, లండన్‌లో ఉన్నోళ్లను ఒక్క పుస్తకంలోకి ఎక్కిస్తున్నరు. రంగుల అట్ట, లోపల వంశవృక్షం. మొదటి పేజీలో ఎవరో రాజు ఇచ్చిన అగ్రహారమో, నైజాం ఇచ్చిన దేశ్‌ముఖీయో ఉంటది. ఆ భూమి దున్నినోడి పేరు మాత్రం ఏ పేజీలో ఉండదు. వాళ్ల పుస్తకం వాళ్లిష్టం. కానీ అది చూసి చదువుకున్న మన పిల్లలే "మనకేం చరిత్ర ఉంది సార్, మనకు వంశాలున్నయా?" అని అడుగుతున్నరు. దీనికి జవాబు చెప్పకుండా మేం ఊకోలేం.

మనకు ఇంటిపేర్లు లేక కాదు, రాసేటోడు రాయలే. 1954-55 ఖాస్రా పహాణీ తీసి చూడండి. దొర పేరు ఇంటిపేరుతో సహా నిండుగ ఉంటది. మనోడి దగ్గరికి వచ్చేసరికి ఇంటిపేరు ఉండాల్సిన జాగల మాల అనో, మాదిగ అనో పడతది. దాని ఎనుక పోశిగడు, లచ్చిగడు. పట్వారీ కలానికి మన కులమే మన ఇంటిపేరు.

ఇది ఒక్క మన పట్వారీ చేసిన పని అనుకుంటే పొరపాటు. సముద్రం దాటి కూడా అదే జరిగింది. తెల్లదొరలు చెరుకు తోటల కోసం మన దేశం నుంచి కూలీలను ఒప్పందం మీద తోలుకపోయిండ్రు. 1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, 1879 నుంచి ఫిజీకి. మద్రాసు నుంచి బయలెల్లిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవుకు చేరింది. 1911లో ఆపే నాటికి ఒక్క నటాల్‌కే ఒక లక్షా 52 వేల మంది పోయిండ్రు. మనది నైజాం రాజ్యం గనుక, తెలుగోళ్లలో ఓడ ఎక్కింది ఎక్కువగా విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాలోళ్లు. వాళ్లల్ల మాలలున్నరు, మాదిగలున్నరు, ఇంకా ఎన్నో కింది కులాలున్నయి.

ఆ ఓడల రిజిస్టర్లు ఇప్పటికీ ఉన్నయి. మారిషస్‌వి మోకా ఊళ్ళోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటే, ఫిజీవి ఆ దేశపు ఆర్కైవ్స్‌లో ఉన్నయి. నటాల్, ఫిజీ కాగితాల్లో మనిషికి ఒక నెంబరు వేసిండ్రు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, అన్నింటికీ గడులున్నయి. సంతల గొడ్డును చూసినట్టు చూసి రాసుకున్నరు. కులానికి గడి ఉన్నది గని ఇంటిపేరుకు గడి లేదు!

మరి ఆ దేశాల్లో ఇప్పుడున్న ఇంటిపేర్లు ఎక్కడియి? చాలావరకు ఓడ ఎక్కిన తాత పేరే మనుమలకు ఇంటిపేరైంది. దక్షిణాఫ్రికాలో అప్పలసామి అనేది ఇంటిపేరు. అప్పలసామి అంటే సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న మనిషి, అంటే ఉత్తరాంధ్ర మనిషి. ఎప్పుడో ఓడ దిగిన ఒక కూలీ పేరు అట్ల నిలబడ్డది. ఇగ నాయుడు, రెడ్డి అనే పేర్ల సంగతి వేరే. ఓడ ఎక్కేటప్పుడో, దిగినంకనో కొందరు కింది కులాలోళ్లు ఆ పేర్లు తగిలించుకున్నరు. మేం వాళ్లను తప్పు పట్టం. మెడ మీది కాడి దించుకునే సందు దొరికితే ఎవడు దించుకోడు? కానీ ఆ పేరు చూసి "వీళ్లంతా మా రక్తమే" అని ఇక్కడి కుల సంఘాలు విమానమెక్కి పోయి శాలువాలు కప్పి వస్తున్నయి. ఆ కప్పించుకున్నోళ్లల్ల మా తాతల మనుమలు ఎందరున్నరో! ఆ సంగతి తెలిస్తే శాలువా అడిగి తెచ్చుకుంటరేమో.

సముద్రం దాకా ఎందుకు, ప్రాణహిత దాటి చూడండి. మన ఆదిలాబాదు నుంచి చాందాకు పోయినోళ్ల ఇంటిపేరుకు కొన్నాళ్లకు చివర "వార్" తగులుతది. మనిషి అదే, వాడ బయట గుడిసె అదే. కానీ అక్కడ ఎస్సీ సర్టిఫికెట్ కావాలంటే 1950 ఆగస్టు 10కి ముందు నుంచి మీ వాళ్లు ఈ రాష్ట్రంలోనే ఉన్నరని కాగితం తెమ్మంటరు. బడి మెట్టు ఎక్కనియ్యని తాతకు బడి కాగితం ఎక్కడిది? గుంట భూమి లేనోడికి పట్టా ఎక్కడిది? ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ ఇంకో రాష్ట్రానికి పోయి అక్కడ రిజర్వేషన్ అడగరాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నది దాటితే హక్కు పోతది గని అంటరానితనం పోదు. అదే సర్కారు మారిషస్‌లో ఉన్న భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ కార్డు ఇస్తనని 2024 మార్చిలో రాష్ట్రపతి నోట చెప్పించింది. మంచిదే, ఇయ్యనీ. అక్కడ ఏడు తరాలు లెక్కపెట్టే ఓపిక ఉన్న సర్కారుకు ఇక్కడ రెండు తరాల మాదిగను నమ్మే ఓపిక ఎందుకు లేదని మేం అడుగుతున్నం.

మందమర్రిలో బాయి పని చేసే కుటుంబాలకు మారుపేర్ల బాధ చెప్పక్కర్లేదు. పని దొరకాలంటే ఇంకొకని పేరుతో దిగినోళ్లు, సర్దారు చెప్పిన పేరుకు తలూపినోళ్లు ఎంతమంది! ముప్పై ఏండ్లు బొగ్గు తవ్వినంక కొడుకు పేరుకు తండ్రి పేరు కలవలేదని వారసత్వ ఉద్యోగం ఆగుతది. గల్ఫ్ పోయేటోళ్లదీ ఇదే గోస. 2022 నవంబరులో యూఏఈ సర్కారు, పాస్‌పోర్టులో ఒక్కటే పేరు ఉంటే విజిట్ వీసా మీద రానియ్యమన్నది. తర్వాత రెండో పేజీలో తండ్రి పేరో, ఇంటిపేరో ఉంటే చాలన్నది. అప్పు చేసి టికెట్ కొన్నోనికి ఇంటిపేరు విలువ ఎయిర్‌పోర్టులో తెలిసింది.

అందుకే చెప్తున్నం, ఇంటిపేరు వెతుకుడు మనకు షోకు కాదు. అయితే వాళ్ల పద్ధతిలో వెతికితే మనోళ్లు దొరకరు. ఒకే ఇంటిపేరు రెడ్డికి ఉంటది, మాదిగకూ ఉంటది. ఇంటిపేరుతో పాటు ఊరు, తండ్రి పేరు, వలస పోయిన ఏడు, తోలుకపోయిన మేస్త్రీ, ఇవన్నీ కలిపి పట్టాలె. మన దగ్గర వాళ్లకు లేని పుస్తకం ఒకటుంది. మాదిగ ఇండ్ల పుట్టుపూర్వం చెప్పే డక్కలోళ్లు, జాంబపురాణం ఆడే చిందోళ్లు ఉన్నరు. మాలలకు మాష్టీలున్నరు. వాళ్లను త్యాగమడగ వచ్చిన బిచ్చగాళ్లని తరిమే మనోళ్లు కూడా ఉన్నరు, సిగ్గుచేటు. ఆ ముసలోళ్లు పోతే వాళ్ల నోట్లె ఉన్నదంతా పోతది.

ఇంకొక మాట. ఆడోళ్లను ఒదలొద్దు. నూరు మంది మగోళ్లకు నలభై మంది ఆడోళ్లు ఉండాలని ఓడలకు రూలుండె. రిజిస్టర్‌లో ఆమెకూ సొంత నెంబరు, సొంత పేరు ఉన్నయి. మన వంశవృక్షాల్లో మాత్రం ఆమె "ఫలానా వాని భార్య". తల్లి పుట్టినింటి పేరు, నాయనమ్మ పుట్టినింటి పేరు రాస్తే సగం చుట్టరికం అక్కడే దొరుకుతది.

ప్రతి వాడలో పది చదివిన పిల్లలు ఇద్దరుంటరు. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి చాలు. ఈ ఎండకాలం సెలవుల్లో ముందుగ డెబ్బై ఏండ్లు దాటినోళ్ల దగ్గర కూర్చోండి. ఎవరు భీవండి పోయిండ్రు, ఎవరు చాందా పోయిండ్రు, ఎవరు మస్కట్ పోయి తిరిగి రాలేదు, వాళ్లు చెప్పింది చెప్పినట్టే వాళ్ల మాటల్లోనే రాయండి. ఖాస్రా పహాణీ నకలు మండల ఆఫీసులో దరఖాస్తు పెట్టి అడగండి. మాల, మాదిగ అని రాసిన జాగల మీ అసలు ఇంటిపేరు ఏందో పక్కన పెన్నుతో రాసుకోండి.