ముందు హద్దురాయి, ఆ తర్వాతే తారు

హైదరాబాద్ నుంచి 65వ జాతీయ రహదారి మీద జహీరాబాద్ వచ్చేవారికి చెరకు బండ్లు కనిపిస్తాయి, ఎర్రనేలలు కనిపిస్తాయి, మంజీర మాత్రం కనిపించదు. బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ జిల్లా దాటి మన సంగారెడ్డి జిల్లాలోకి వచ్చి, సంగారెడ్డి పట్టణం దగ్గర ఉత్తరానికి మళ్లి, కందకుర్తిలో గోదావరిని చేరేసరికి ఆ నది 700 కిలోమీటర్లకు పైగా పారుతుంది. జహీరాబాద్ పక్కనున్న నారింజ వాగు కూడా కర్ణాటకలోకి పోయి చివరికి మంజీరలోనే కలుస్తుంది. ఇంత నదిని చూస్తూ సాగే దారి ఒకటి కావాలనుకోవడం న్యాయమే. దానికోసం నాలుగు వరుసల రోడ్డు వేయనక్కర్లేదు. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరాలయం నుంచి రాయికోడ్, మునిపల్లి మండలాల మీదుగా సింగూరు దాకా ఉన్న పల్లెదారుల్నే కలిపి, బాగుచేసి, చెట్లు పెడితే చాలు.

సాగునీళ్ల సంగతి తేలకుండా షికారు రోడ్డేమిటని రైతులు అడగొచ్చు. 3.84 లక్షల ఎకరాలకు నీళ్లిస్తామంటూ సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలకు 2022లో శంకుస్థాపన చేశారు కనుక ఆ ప్రశ్న సహజం. అయితే హైదరాబాద్‌కు తాగునీరిచ్చే, దాదాపు 30 టీఎంసీలు పట్టే సింగూరు జలాశయం 2015-16లో అడుగంటితే రాజధాని కృష్ణా, గోదావరి నీళ్లతో గట్టెక్కింది. నల్లా తిప్పగానే నీళ్లొస్తున్నంత కాలం అవి ఏ నదివో అడిగేవాళ్లుండరు. కళ్లారా చూసిన నది ఎండితే మాత్రం అడుగుతారు. రైతు ఒంటరిగా అడుగుతున్న ప్రశ్నకు ఆ గొంతులు తోడు కావాలి.

నన్ను నిజంగా కలవరపెట్టేది రెండో అభ్యంతరం: రోడ్డు వెనకే ప్లాట్లు, ఫామ్‌హౌస్‌లు వస్తాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల వరకు రక్షణనిచ్చిన 1996 నాటి 111 జీవో ఉండగానే అక్కడ ఫామ్‌హౌస్‌లు లేచాయి, 2022లో ఆ ఆంక్షల్నే ఎత్తేశారు. జర్మనీలో ఎల్బే లోయ మీదుగా నాలుగు వరుసల వంతెన కట్టినందుకు డ్రెస్డెన్ 2009లో యునెస్కో వారసత్వ హోదా పోగొట్టుకుంది. చూపించడానికి వేసిన దారే చూడదగ్గదాన్ని మింగేయగలదు. అందుకే ఈ దారి సింగూరు దగ్గరే ఆగిపోవాలి. దిగువన బ్యారేజీ వరకు మొసళ్లున్న మంజీర అభయారణ్యం, అక్కడికి వాహనాలు పోకూడదు.

జలాశయం చుట్టూ కట్టడాలకు హద్దు గీస్తే భూమి ధర పడిపోతుందన్న భయాన్నీ కొట్టిపారేయలేం. సింగూరు ముంపులో ఒకసారి భూములిచ్చిన పల్లెలివి. నిషేధం వెంచర్ల మీదే ఉండాలి, సేద్యం మీద కాదు. పస్తాపూర్ మహిళలు చిరుధాన్యాలకు పేరు తెచ్చిన ఈ నేలలో, ఆ దారి పక్కన జొన్నరొట్టె అమ్ముకునే మొదటి హక్కు ఆ ఊళ్లదే కావాలి. రోడ్డు టెండరు పిలవకముందే, జలాశయం నిండినప్పటి నీటి అంచు నుంచి ఎంత దూరం కట్టడాలు కూడదో గ్రామసభల్లో చదివి వినిపించి, రాళ్లు పాతి, ఆ సర్వే నంబర్లను పంచాయతీ గోడ మీద రాయించాలి.