గట్టిగా కాదు... సాఫ్‌గా!

మా ఇంట్లో టీవీ రిమోట్ కోసం కొట్లాట ఛానెల్ గురించి కాదు, సౌండ్ గురించి. అమ్మకు 74 ఏళ్లు. వార్తలు పెట్టగానే ‘కొంచెం పెంచు’ అంటుంది. పెంచితే లోపలి గదిలో చదువుకుంటున్న మా అమ్మాయి ధన్‌మని తలుపేసుకుంటుంది. ఇంకాస్త పెంచితే అమ్మే చెవులు మూసుకుని, ‘‘గంత గట్టిగ ఎందుకు పెడ్తవ్‌రా? సాఫ్‌గ పెట్టు’’ అంటుంది. పెంచమన్నదీ ఆమే, తిట్టేదీ ఆమే. పెద్దతనం చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

మొన్న మా జహీరాబాద్‌లో ఒక షాపులో కొత్త స్పీకర్ ‘లాంచింగ్’ ఉందంటే వెళ్లాను. సన్నగా, నిలువుగా, ఛాతీ ఎత్తున ఉంది. పేరు హోమ్ లైన్ అరే. షాపు కుర్రాడు డీజే పాట పెట్టాడు. గాజు తలుపులు అదిరాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ‘‘బాబూ, వార్తలు పెడతావా?’’ అన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు గానీ పెట్టాడు. డబ్బా ముందు నిలబడి విన్నాను. తర్వాత షాపు చివర ఫ్రిజ్‌ల దగ్గరికి పోయి విన్నాను. అక్కడా ప్రతి మాటా విడివిడిగా వినబడింది. అదే నన్ను ఆపేసింది.

నిజానికి ఈ వస్తువు మనకు కొత్తేం కాదు. గుళ్లో, చర్చిలో, స్టేషన్‌లో గోడకు నిలువుగా బిగించిన పొడుగాటి కాలమ్ స్పీకర్లు చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. పెద్ద పెద్ద సభల్లో రెండు పక్కలా అరటిగెలల్లా వేలాడేవి వాటి పెద్దన్నలు. ఫ్రాన్స్‌కు చెందిన ఎల్-అకౌస్టిక్స్ 1992లో తెచ్చిన ‘వీ-డాస్క్’ తర్వాత ఇవి ప్రపంచమంతా పాకాయి. ఇప్పుడు ఆ సూత్రమే చిన్నదై హాల్లోకి వస్తోంది.

సూత్రం ఏమిటంటే – మామూలు స్పీకర్ బల్బు లాంటిది. వెలుగు అన్ని వైపులా చెదిరిపోతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. లైన్ అరే నిలబెట్టిన ట్యూబ్‌లైట్ లాంటిది. చిన్న చిన్న స్పీకర్లు ఒకదాని కింద ఒకటి ఉండి, అన్నీ ఒకేసారి ఒకే మాట పలుకుతాయి. దాంతో శబ్దం కిందికీ పైకీ పెద్దగా పోకుండా అడ్డంగా పరుచుకుంటుంది. దగ్గరి దూరాల్లో రెట్టింపుకు తగ్గేది 3 డెసిబెల్సే. ఒక మీటర్ నుంచి నాలుగు మీటర్లకు పోతే బల్బు రకానికి 12 పోతే, దీనికి 6 పోతుందన్నమాట.

ఇక్కడో మెలిక ఉంది. ఈ లాభం అన్ని స్వరాలకూ ఒకేలా దక్కదు. మీటర్ పొడవున్న కాలమ్ అయితే, 4000 హెర్ట్జ్ దగ్గర ఈ గుణం సుమారు ఆరు మీటర్ల దాకా నిలుస్తుంది. 1000 హెర్ట్జ్ దగ్గర ఒకటిన్నర మీటరే. బేస్‌కైతే దాదాపు లేనట్టే. అందుకే డీజే పాటతో దీన్ని పరీక్షించడమంటే, కత్తి పదునును కొబ్బరికాయ మీద చూడ్డమే.

మాట తెలిసేది పై స్వరాల్లోనే. స, శ, త, ప లాంటి హల్లుల పదునంతా అక్కడే. వయసుతో వినికిడి ముందు తగ్గేదీ అక్కడే. ‘చెప్పు’ అన్నా ‘తప్పు’ అన్నా అమ్మకు ‘అప్పు’ లాగే వినబడుతుంది. వాల్యూమ్ పెంచితే బేస్ కూడా పెరుగుతుంది. టైల్స్ నేల, స్లాబు, బోసి గోడలు – మన హాల్లో ప్రతి శబ్దం నాలుగుసార్లు తిరిగొచ్చి మాట మీద పడుతుంది. ‘గట్టిగ వద్దు, సాఫ్‌గ పెట్టు’ అని అమ్మ చెబుతున్నది ఇదే. నాకు ఎక్కలేదు.

షాపాయన్ని బతిమాలి రెండు రోజులకు ఇంటికి తెచ్చాను. మొదటిరోజు ఫెయిల్. టేబుల్ మీద పెట్టాం, అమ్మ కూర్చునేదేమో కింద చాప మీద. శబ్దమంతా ఆమె తల మీదుగా పోయింది. ‘‘గిదేంది, ఎప్పటి లెక్కనే ఉంది’’ అంది. మర్నాడు నేల మీదికి దించాం. చెవి ఎత్తు కాలమ్ కిందికీ పైకీ నడుమకు వచ్చింది. అమ్మ కాసేపు కదలకుండా విన్నది.

‘‘సంగం రేడియో లెక్క ఇనబడ్తంది’’ అంది.

మా పక్కనే మాచనూరులో, దళిత మహిళలు నడిపేలా 2008 అక్టోబర్ 15న మొదలైంది సంగం రేడియో. 90.4లో మా వైపు యాసే వచ్చేది. అమ్మ ఆ చిన్న ట్రాన్సిస్టర్‌ను దిండు పక్కనే పెట్టుకునేది. చెవికి జానెడు దూరం, గోడలు అడ్డుపడే సందే లేదు. అందుకే అంత చిన్న డబ్బాలోనూ ప్రతి మాటా సాఫ్‌గా అందేది. కొన్నేళ్లుగా మేం పెద్ద టీవీ ముందు కూర్చోబెట్టి, ఆమెను మాటకు దూరం చేశాం. మేం నవ్వినప్పుడు తనూ నవ్వేది. అర్థమయ్యే నవ్విందనుకున్నాం.

కొనాలనుకుంటే మూడు సంగతులు. డీజే పాట కాదు, వార్తలు పెట్టి వినండి. ఇంట్లో కూర్చునే ఎత్తులోనే కూర్చుని వినండి, వెనక్కి నడిచీ వినండి. స్పీకర్ల మధ్య ఎడం ఎక్కువున్నది వద్దు. 4000 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. నడిమి నుంచి నడిమికి అందులో సగం దాటితే, పై స్వరాలు పక్కదారులు పడతాయి.

అన్నట్టు, ఏ స్పీకరూ చెవి పరీక్షకు బదులు కాదు. అమ్మను సంగారెడ్డికి తీసుకుపోవడానికి వచ్చే వారం రోజు ఖాయం చేశాను. ఈసారి ‘చాదస్తం’ అనే మాట మాత్రం నోటికి రానివ్వలేదు. అంటే వినబడుతుంది కదా!