టాప్ ఎండా, ఫుల్ కామిలా?

మన తెలుగువాళ్ళలో ఎవరు కారు కొన్నా ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "టాప్ ఎండేనా?" కారు ఏ సంవత్సరానిది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నవి ఆ తరవాతి సంగతి. టాప్ ఎండ్ కొన్నవాడు బతకనేర్చినవాడు, బేస్ మోడల్ కొన్నవాడు పిసినారి.

ఈ అలవాటు ఊరికే రాలేదు. 2005లో మారుతీ స్విఫ్ట్ వచ్చినప్పుడు ఎల్ఎక్సై, విఎక్సై, జెడ్ఎక్సై అని మూడు మెట్లుండేవి. ఎయిర్‌బ్యాగులు కావాలంటే పై మెట్టు ఎక్కాల్సిందే. ప్రాణరక్షణని కూడా అలంకారాల పక్కన కట్టి అమ్మిన బజారులో పెరిగినవాళ్ళం కాబట్టి, పై మెట్టు అంటే మంచి కారు అని మనసులో ముద్రపడిపోయింది. అక్కడ ఆ లెక్క సబబైనదే.

అదే లెక్కతో సౌదీలో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొంటే మాత్రం చెయ్యి కాలుతుందని నా అభిప్రాయం. నేను మాట్లాడుతున్నది రాబిగ్ సంగతి. జెద్దాకి ఉత్తరంగా, సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న ఊరు. సౌదీ అరామ్కో, సుమిటోమో కెమికల్ కలిసి 2005లో స్థాపించిన పెట్రో రాబిగ్, పక్కనే కింగ్ అబ్దుల్లా ఎకనామిక్ సిటీ, ఇంకాస్త దక్షిణంగా తువల్‌లో 2009లో మొదలైన విశ్వవిద్యాలయం: ఉద్యోగాలన్నీ వీటి చుట్టూ. ఇక్కడి సాఫ్ట్‌వేర్, కంట్రోల్ సిస్టమ్స్ కుర్రాళ్ళలో చాలామందికి ఎప్పటికో ఒకప్పటికి మస్టాంగ్ పురుగు కుడుతుంది. ఇండియాలో అందని కారు ఇక్కడ కొన్ని నెలల జీతానికి దొరుకుతుంటే కుట్టదా మరి!

సౌదీ బజారులో మెట్ల పేర్లు వేరు. స్టాండర్డ్ అంటే బేస్, నుస్ ఫుల్ అంటే సగం సరంజామా, ఫుల్ కామిల్ అంటే అన్నీ ఉన్నది. ఈ పేర్లు వినిపించే చోటు హరాజ్. మన ఊళ్ళలో "హరాజు పాట" అంటామే, ఆ మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనదాకా వచ్చింది. హరాజులో అమ్మేవాడు "ఫుల్ కామిల్" అని ఒక్క మాట అనేసరికి మన కళ్ళు మెరుస్తాయి. అక్కడే ఆగి ఆలోచించాలి.

ట్రిమ్ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు వస్తువులు దాక్కుని ఉంటాయి. ఒకటి ఇంజను. రెండోది ఆ ఇంజనుని భరించే సరంజామా: బ్రేకులు, రేడియేటరు, డిఫరెన్షియల్, టైర్లు. మూడోది అలంకారం: తోలు సీట్లు, పెద్ద తెర, స్పీకర్లు, రంగురంగుల దీపాలు. కొత్త కారు షోరూములో ఈ మూడూ ఒకే పొట్లంలో కట్టి ఇస్తారు. పాత కారు కొనేటప్పుడు ఆ పొట్లం విప్పి, దేనికది విడిగా తూచుకోవాలి.

ఉదాహరణకి 2015 నుంచి 2023 దాకా వచ్చిన ఆరో తరం ఫోర్డ్ మస్టాంగ్‌నే తీసుకుందాం. 2015లో దీనికి మూడు ఇంజన్లు. 3.7 లీటర్ల వీ6 అమెరికా లెక్క ప్రకారం 300 హార్స్ పవర్, 2.3 లీటర్ల ఎకోబూస్ట్ టర్బో 310, జీటీలో ఉండే 5 లీటర్ల వీ8 435. వీ6ని 2017 తరవాత ఆపేశారు. 2018లో జీటీ 460కి పెరిగింది, పది గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. ప్రీమియం అనే మాట వీటిలో ఎకోబూస్ట్‌కీ తగిలించారు, జీటీకీ తగిలించారు. అంటే ప్రీమియం అన్న మాట సీట్ల గురించీ తెర గురించీ చెబుతుంది గాని ఇంజను గురించి ఒక్క ముక్క చెప్పదు. "ప్రీమియం మస్టాంగ్ కొన్నాను" అంటే ఇంకా సగం సంగతే చెప్పినట్టు.

ఇక ఎండ. 25 డిగ్రీల దగ్గర ఉన్న గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత సుమారు ఆరు శాతం తక్కువ. మామూలు ఇంజను ఆ మేరకు శక్తి కోల్పోతుంది, అంతటితో సరి. టర్బో ఇంజను గాలిని నొక్కి పెట్టి ఆ లోటు పూడ్చుకోగలదు గాని, నొక్కిన గాలి మరింత వేడెక్కుతుంది. ఇంటర్‌కూలరు దాన్ని చల్లార్చలేకపోతే పెట్రోలు వేళ తప్పి మండే ప్రమాదం ఉంది కాబట్టి, కారు కంప్యూటరు నిప్పురవ్వ సమయాన్ని వెనక్కి జరిపి శక్తిని తగ్గిస్తుంది. కాగితం మీద 310 ఉన్న కారు జూలై మధ్యాహ్నం నీరసించేది అందుకే.

దీనికి పెట్రోలు తిరకాసు ఒకటి తోడవుతుంది. అమెరికా పుస్తకాల్లో రాసే ఆక్టేన్ సంఖ్య వేరు, సౌదీ బంకుల్లో కనిపించే సంఖ్య వేరు. వాళ్ళది రెండు పరీక్షల సగటు, ఇక్కడిది ఒకే పరీక్ష ఫలితం. ఇక్కడి 91 అమెరికావాళ్ళ 87కి దగ్గర, ఇక్కడి 95 వాళ్ళ 91కి దగ్గర. ఎకోబూస్ట్ 310 హార్స్ పవర్ అని ఫోర్డ్ ప్రకటించింది అమెరికా లెక్కలో 93 ఆక్టేన్ పెట్రోలుతో. మాన్యువల్లో 91 అని చూసి ఇక్కడ 91 పోయించుకుంటే ఒకటి అడిగిన కారుకి ఇంకొకటి తాగించినట్టే. 2021 జూలైలో ఇక్కడి ధరలకి పరిమితి పెట్టినప్పుడు 91 లీటరు 2.18 రియాళ్ళు, 95 లీటరు 2.33. పదిహేను హలలాల తేడా కోసం టర్బో ఇంజనుని కష్టపెట్టడమెందుకు? పెట్రోలు శుద్ధి చేసే ఊళ్ళో ఉంటూ కారుకి తగిన పెట్రోలు పోయించకపోతే నవ్వుతారు.

కాబట్టి ఇక్కడ నేను మొదట చూసేది రెండో వస్తువుని, అంటే చల్లదనాన్నీ బ్రేకులనీ. జీటీకి పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ తీసుకుంటే పెద్ద రేడియేటరు, ముందు చక్రాలకి ఆరు పిస్టన్ల బ్రెంబో బ్రేకులు, టోర్సెన్ డిఫరెన్షియల్ వచ్చేవి. ఎకోబూస్ట్‌కి కూడా ఇలాంటిదే ఒక ప్యాకేజీ ఉంది, అందులోనూ పెద్ద రేడియేటరు, పెద్ద బ్రేకులు ఉన్నాయి. అమ్మేవాళ్ళు వీటి పేరే ఎత్తరు, ఎందుకంటే ఫోటోలో కనబడవు. తెర కనబడుతుంది, ఎర్రతోలు కనబడుతుంది.

దీనికీ ఒక మూల్యం ఉంది. ప్యాకేజీ జీటీకి ముందు టైర్లు 255, వెనకవి 275 వెడల్పు. ముందువి వెనక్కి మార్చుకోవడానికి కుదరదు, నాలుగూ వేటికవే అరుగుతాయి. బేస్ జీటీకి నాలుగు టైర్లూ ఒకే కొలత. ఏటా నలభై వేల కిలోమీటర్లు తిరిగేవాడికి బేస్ టైర్లే తెలివైన ఎంపిక. అన్నట్టు, ఏ కారైనా టైరు పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అరుగుదల కనిపించకపోయినా ఈ ఎండలో రబ్బరు ముసలిదైపోతుంది.

అలంకారాలన్నీ దండగే అని నేననను. ప్రీమియంలో వచ్చే చల్లగాలి సీట్లు మిషిగన్‌లో విలాసమేమో గాని, రాబిగ్‌లో ఆగస్టు నెలలో అవసరమే. అలాగే భద్రత. 2017 జనవరిలో యూరో ఎన్‌క్యాప్ మస్టాంగ్‌కి అయిదింటిలో రెండే నక్షత్రాలిచ్చింది. ముందున్న వాహనాన్ని పసిగట్టి తనంతట తాను బ్రేకు వేసే ఏర్పాటు యూరప్ కార్లలో లేకపోవడం అందుకు ఒక కారణం. అదే ఏడు ఆ ఏర్పాటు చేర్చాక మూడు నక్షత్రాలయ్యాయి. రాత్రిపూట హైవే మీద తిరిగే మనకి అలాంటిదొకటి ఉంటే పది స్పీకర్ల కన్నా విలువైనది.

"కొత్తలో టాప్ ఎండ్‌కి పెట్టిన డబ్బు మొదటి యజమాని జేబులోంచి పోయింది కదా, మనకి చవగ్గా వస్తుంటే వద్దనడమెందుకు?" అని మీరడగొచ్చు. మంచి ప్రశ్నే. కారు ధర సగానికి పడిపోతుంది గాని, విడిభాగాల ధర మాత్రం పడిపోదు. పాడైన తెరకీ, పనిచేయని సీటు ఫ్యానుకీ ఈ రోజు కొత్త ధరే కట్టాలి. పైగా సముద్రపుగాలి ఉప్పుకీ, దుమ్ముకీ ముందు లొంగేవి ఈ చిన్న చిన్న మోటార్లూ కనెక్టర్లే. ఉన్న ప్రతి ఫీచరూ రేపు పాడవడానికి సిద్ధంగా ఉన్న మరొక భాగం. ఈ సంగతి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నేను వేరే చెప్పాలా?

అసలు అది నిజంగా ఫుల్ కామిలేనా అన్నది ఇంకో ప్రశ్న. జీటీ బొమ్మ, నాలుగు గొట్టాల సైలెన్సరు బజారులో దొరుకుతాయి. ఫోర్‌స్కాన్ లాంటి సాఫ్ట్‌వేరుతో కారు కంప్యూటరులోని సెట్టింగులు కూడా మార్చొచ్చు. అంత సులువుగా మారనిది ఛాసిస్ మీది 17 అక్షరాల విన్ నంబరు. ఈ తరం తొలి మస్టాంగుల్లో ఎనిమిదో అక్షరం ఎఫ్ అయితే వీ8, హెచ్ అయితే ఎకోబూస్ట్, ఎమ్ అయితే వీ6. పదో అక్షరం మోడల్ సంవత్సరం: ఎఫ్ 2015, జి 2016, హెచ్ 2017, జె 2018. తొమ్మిదోది తనిఖీ అంకె. మిగతా అక్షరాలకి విలువలిచ్చి, స్థానాన్ని బట్టి హెచ్చించి, కూడి, 11తో భాగించగా వచ్చే శేషం. శేషం పది అయితే ఎక్స్ అని వేస్తారు. ఆధార్ సంఖ్యలో చివరి అంకె చేసే పనే ఇదీను, సూత్రం మాత్రం వేరు. పది వరసల ప్రోగ్రాము రాస్తే తేలిపోతుంది. తరవాత ఓబీడీ రీడరుతో ఇంజను కంప్యూటరులోని విన్ చదివి, తలుపు దగ్గర రాసినదానితో పోల్చండి. రెండూ కలవకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

పుట్టుక కూడా ముఖ్యమే. ఖలీజీ అంటే గల్ఫ్ కోసం తయారైనది, వారిద్ అంటే బయటినుంచి, తరచు అమెరికా నుంచి, తెచ్చినది. వారిద్‌లో ఫుల్ కామిల్ ఖలీజీ స్టాండర్డ్ ధరకే దొరికితే ఎందుకు దొరుకుతోందో అడగాలి. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ని ముంచినప్పుడు లక్షల్లో కార్లు నీళ్ళపాలయ్యాయి. అలాంటివి వేలంపాటల్లో చేతులు మారుతూ ఎక్కడిదాకా పోతాయో చెప్పలేం. అమెరికాలో నేషనల్ ఇన్సూరెన్స్ క్రైమ్ బ్యూరో వారి విన్‌చెక్ ఉచితం. ఇక్కడి చరిత్రకి మోజజ్ నివేదిక ఉంది. రెండూ తీయండి. మీటరు మైళ్ళలో ఉందో కిలోమీటర్లలో ఉందో కూడా చూడండి. అరవై వేల మైళ్ళంటే తొంభై ఆరు వేల కిలోమీటర్ల పైమాటే.

ఇప్పుడు ఒకే ధరకి మూడు కార్లున్నాయనుకోండి. 2018 ఎకోబూస్ట్ ప్రీమియం, ఖలీజీ. 2016 జీటీ స్టాండర్డ్, ఖలీజీ, సర్వీసు కాగితాలన్నీ ఉన్నాయి. 2019 జీటీ ప్రీమియం, వారిద్, కాగితాలు అంతంత మాత్రం. నా ఓటు రెండోదానికి. దాని వీ8కి టర్బో లేదు, ఇంటర్‌కూలరు లేదు, పాడయ్యే అలంకారాలూ తక్కువే. రోజూ ఆఫీసుకి తిరిగేవాళ్ళు 95 పోయిస్తూ మొదటిదానితో హాయిగా ఉండొచ్చు. మూడోదాన్ని, అది ఎంత మెరిసినా, నేను ముట్టను. ఆ రూపం చాలు, వేగం అక్కర్లేదనుకుంటే సాదా సీదా వీ6 కూడా సిగ్గుపడాల్సిన కారేమీ కాదు. కొన్ని హైవేల మీద 2018లో పరిమితిని 140కి పెంచారు. సాహెర్ కెమెరా కళ్ళకి వీ6 అయినా వీ8 అయినా ఒకటే.

మనలాంటివాళ్ళకి ఇంకో లెక్క ఉంది. ఇక్కడ మన కాపురం ఆయుష్షు ఇకామా మీది తేదీ. 2017 జూలైలో కుటుంబ సభ్యుల మీద నెలకి తలా 100 రియాళ్ళతో మొదలైన రుసుము 2020కి 400 అయింది. చాలామంది భార్యాబిడ్డల్ని ఇంటికి పంపి, ఉన్న కారు హడావిడిగా అమ్ముకున్నారు. కారుని ఇండియాకి పట్టుకుపోదామంటే, పాత కార్ల దిగుమతికి స్టీరింగు కుడివైపు ఉండాలనీ, మూడేళ్ళు దాటకూడదనీ నిబంధనలున్నాయి. మనవన్నీ ఎడమ స్టీరింగువే. అంటే ఏదో ఒక రోజు, బహుశా రెండు వారాల గడువులో, ఆ కారు ఇక్కడే అమ్మాలి. ఆ రోజు కొనేవాడు మీ తోలు సీట్లకి పెద్దగా ధర కట్టడు. ఖలీజీయా, తాకిడి తగలలేదా, కాగితాలున్నాయా అని అడుగుతాడు. కొనేటప్పుడు మనం అడగాల్సినవీ అవే.

ఇంత చెప్పాక స్పోర్ట్స్ కారే వద్దంటానేమో అనుకోకండి. ఇంటికి పంపాల్సింది పంపాక, మిగిలినదాంట్లో ఒక సరదా తీర్చుకోవడం పాపమేమీ కాదు. కాకపోతే ఆ సరదా సీట్లకి గాక ఇంజనుకి చెందాలి.

రాబోయే రోజుల్లో ఈ మెట్లు ఇంకా కంటికి కనబడకుండా పోతాయి. 2016లో టెస్లా కొన్ని మోడల్ ఎస్ 60 కార్లలో 75 కిలోవాట్ అవర్ల బ్యాటరీయే పెట్టి, సాఫ్ట్‌వేరుతో తాళం వేసి, డబ్బు కడితే తీసింది. బీఎండబ్ల్యూ 2022లో కొన్ని దేశాల్లో సీటు వెచ్చదనానికి నెలవారీ చందా అడిగి, నవ్వులపాలై, 2023లో మానుకుంది. అదే 2023 సెప్టెంబరులో మన పక్కనే, కింగ్ అబ్దుల్లా ఎకనామిక్ సిటీలో, లూసిడ్ విద్యుత్ కార్ల ఫ్యాక్టరీ తెరిచింది. రేపు పాత విద్యుత్ కారు కొనేవాడు బ్యాటరీ ఆరోగ్యంతో పాటు, మొదటి యజమాని కొన్న సాఫ్ట్‌వేరు హక్కులు తనకి బదిలీ అవుతాయా అని కూడా అడగాలి. ఆ ప్రశ్న ఎలా అడగాలో సాఫ్ట్‌వేరు రాసి బతికే మనకన్నా బాగా ఎవరికి తెలుసు?

అందాకా నా సలహా చిన్నది. ఎవరైనా "ఫుల్ కామిల్" అంటే చిరునవ్వు నవ్వి, ముందు బానెట్ తెరవమనండి.