వీసా నిరాకరణ తలవంపు కాదు, దొడ్డిదారే తలవంపు

ఆమధ్య ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుండగా ఆదోనికి చెందిన ఒక తండ్రి మమ్మల్ని పక్కకు పిలిచాడు. పత్తి జిన్నింగ్ మిల్లులో ఇరవై ఏళ్లకు పైగా బేళ్లు మోసిన మనిషి ఆయన. డిగ్రీ చదివిన కొడుకు పాస్‌పోర్టును, దానితోపాటు ఒక కాగితాన్ని మా చేతిలో పెట్టాడు. ఆ యువకుని టూరిస్టు వీసా దరఖాస్తును ఐరోపా దేశమొకటి తిరస్కరిస్తూ పంపిన పత్రమది. ఆ దరఖాస్తు పెట్టించిన ఏజెంటే ఇప్పుడు రెండో దారి చూపుతున్నాడట. వీసా అక్కరలేని దేశానికి ముందు విమానంలో పంపి, అక్కడి నుండి రాత్రివేళ సరిహద్దు దాటిస్తాడట. అందుకు పన్నెండు లక్షలు కావాలి. ఇంటిస్థలానికి బేరం కూడా కుదిరింది. "ఏం చేయమంటారు సాబ్?" అని ఆయన అడిగాడు.

ఆ రోజు ఆయనకు చెప్పిన జవాబునే ఈ నెల పాఠకులందరి ముందు ఉంచుతున్నాము. ఇటువంటి ప్రశ్న ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ మరికొన్ని ఇళ్లలో గుట్టుగా నలుగుతూనే ఉన్నది.

మేము సర్కారు కచేరీలో గుమాస్తాగా దశాబ్దాలు గడిపినవాళ్లము. ఆ అనుభవం నేర్పిన మాట ఒక్కటే. తిరస్కరించిన అర్జీ తిరిగి పెట్టుకోదగిన అర్జీ. తప్పుడు కాగితంతో పెట్టిన అర్జీ మాత్రం పోలీసు కేసు. మొదటిది మనిషి మీద మచ్చ కాదు, రెండోది జీవితకాలపు మచ్చ. వీసా విషయంలోనూ ఇదే న్యాయం. అమెరికా టూరిస్టు వీసా నిరాకరణల్లో ఎక్కువ భాగం ఆ దేశ వలస చట్టంలోని 214(బి) సెక్షను కింద జరుగుతాయి. తిరిగి స్వదేశానికి వస్తారన్న నమ్మకాన్ని దరఖాస్తుదారు కలిగించలేకపోయాడని దాని అర్థం. అది శాశ్వత నిషేధం కాదు. పరిస్థితి మారినప్పుడు మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. షెంజెన్ దేశాలు నిరాకరణకు కారణమేమిటో పత్రంలోనే తెలియజేయాలి, దాని మీద అప్పీలుకు కూడా అవకాశమున్నది. కాని అబద్ధపు పత్రం పెట్టి దొరికినవారికి అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. వీసా లేకుండా అక్కడ సంవత్సరానికి మించి ఉండి బయటికి వచ్చినవారికి పదేళ్ల నిషేధం.

ఎమ్మిగనూరులో మాకు తెలిసిన వృద్ధ దంపతులు కూతురి పురుడుకు అమెరికా వెళ్లాలని దరఖాస్తు చేసుకుంటే మొదట కాదన్నారు. వారం రోజులు ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. కొన్ని నెలల తరువాత, ఇల్లూ పింఛనూ ఇక్కడి బాధ్యతలూ అన్నీ ఉన్నవి ఉన్నట్టు చూపించి మళ్లీ వెళ్లారు. ఈసారి దొరికింది. పురుడు సమయానికి అందుకోలేకపోయినా మనుమడి మొదటి పుట్టినరోజు కళ్లారా చూసి గడువులోపలే తిరిగి వచ్చారు. రెండోసారీ దొరకకపోయి ఉంటే పోయేది దరఖాస్తు రుసుమే. ఇంటిస్థలం పోయేది కాదు.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని కూడా ఒప్పుకోవాలి. ఆదోని యువకుడు కోరింది టూరిస్టు వీసా, అతని మనసులో ఉన్నది ఉద్యోగం. ఆ దేశపు అధికారి దాన్ని కనిపెట్టి కాదంటే అన్యాయం జరిగిందని అనలేము. మన పేరు చూసే నిరాకరించారన్న అనుమానం చాలామందికి ఉన్నది. 2017 జనవరిలో ఏడు ముస్లిం దేశాల పౌరుల రాకను అమెరికా అధ్యక్షుడు ఆపివేయడాన్ని చూసిన తరానికి ఆ అనుమానం కలగడం సహజమే. అయితే వివక్ష జరిగిందని నమ్మితే దాన్ని రాతపూర్వకంగా ప్రశ్నించాలి, అప్పీలు ఉన్నచోట అప్పీలు చేయాలి. దొంగదారిన వెళ్లినవాడు ఆ వివక్షను ఎన్నటికీ నిరూపించలేడు. పైగా అనుమానించినవాడిదే నిజమని తానే సాక్ష్యమిచ్చినవాడవుతాడు.

ఆ దారి చివర ఏమున్నదో ఇటీవలి సంవత్సరాలే చెప్పాయి. 2022 జనవరిలో కెనడా-అమెరికా సరిహద్దు మంచులో గుజరాత్‌కు చెందిన తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు గడ్డకట్టి చనిపోయారు. చిన్నవాడికి మూడేళ్లు. 2023 డిసెంబరులో నికరాగ్వాకు బయలుదేరిన విమానాన్ని ఫ్రాన్సులోని వాత్రీ విమానాశ్రయంలో ఆపివేశారు. అందులోని 303 మందిలో ఎక్కువమంది భారతీయులే. 276 మందితో ఆ విమానం ముంబయికి తిరిగివచ్చింది. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను అమెరికా సైనిక విమానం చేతులకు బేడీలతో, కాళ్లకు గొలుసులతో తెచ్చి అమృత్‌సర్‌లో దించింది. అదే సంవత్సరం మార్చిలో మియన్మార్ సైబర్ మోసాల స్థావరాల నుండి బయటపడిన 549 మందిని మన వాయుసేన విమానాలు తీసుకువచ్చాయి. వారిలో తెలుగువారూ ఉన్నారు. థాయిలాండులో ఉద్యోగమని నమ్మి వెళ్లినవారిని నది దాటించి, వీసా లేని దేశంలో బందీలుగా మార్చిన కథ అది.

గల్ఫ్ సంగతి మనకు ఇంకా దగ్గరిది. విజిట్ వీసా మీద ఒక దేశంలో దించి, అక్కడి నుండి రోడ్డు మార్గాన మరొక దేశపు ఇంటి పనికి ఆడపిల్లలను చేర్చే దళారీలున్నారు. కాగితాలు లేకుండా మిగిలిపోయినవారిని అక్కడి మనవాళ్లు 'ఖల్లివల్లి' అంటారు. జీతం ఎగ్గొట్టినా, చేయి చేసుకున్నా, జబ్బు చేసినా ఖల్లివల్లి మనిషి పోలీసు గడప తొక్కలేడు. తొక్కితే ముందుగా పట్టుబడేది తానే. పన్నెండు లక్షలు పోసి మనం కొనేది ఈ నిస్సహాయతనే.

కాగితం విలువ మన సమాజానికి ఒకరు చెప్పవలసిన పని లేదు. 2019 ఆగస్టు 31న అస్సాం పౌర పట్టిక తుది జాబితాలో 19 లక్షలకు పైగా మనుషుల పేర్లు లేవని తెలిసినప్పుడు, అక్కడెక్కడో జరిగిన దానికి ఇక్కడ మన అమ్మలు పాత ట్రంకుపెట్టెలు తెరిచి జనన పత్రాలు వెతికారు. 'చొరబాటుదారు' అన్న మాట ఎంతగా కాలుస్తుందో మనకు తెలుసు. ఆ నిందను ఇక్కడ న్యాయంగా ఎదిరిస్తున్న మనమే, పరాయి గడ్డ మీద ఆ పేరును మన బిడ్డకు డబ్బిచ్చి తగిలించడం ఏమి వివేకం?

ప్రాణభయంతో పారిపోయినవారి సంగతి వేరు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం అటువంటివారు అనుమతి లేకుండా ప్రవేశించినంత మాత్రాన శిక్షించరాదన్నది. హైదరాబాదులో తలదాచుకున్న రోహింగ్యాలను ఏజెంటు నమ్మించిన పిల్లవానితో ఒకే గాటన కట్టరాదు. మేము మాట్లాడుతున్నది జీవనోపాధి కోసం వెళ్లేవారి గురించి.

అటువంటివారు హుదైబియాను తలచుకోవాలి. హిజ్రీ 6వ సంవత్సరంలో దైవప్రవక్త (స) దాదాపు 1400 మంది సహచరులతో ఉమ్రా సంకల్పించి మక్కా సమీపానికి చేరుకున్నారు. ఖురైషులు లోపలికి రానీయలేదు. అది ఆయన పుట్టిన ఊరు, వెళ్లేది అల్లాహ్ గృహానికి. అయినా ఒప్పందం రాయించుకుని, ఖుర్బానీ అక్కడే ఇచ్చి వెనుదిరిగారు. సహచరుల గుండెలు ఎంత మండిపోయాయో సీరత్ గ్రంథాలు చెబుతాయి. మరుసటి సంవత్సరం అదే ఒప్పందం ప్రకారం పట్టపగలు ప్రవేశించి ఉమ్రా పూర్తి చేశారు. అనుమతించిన మూడు రోజుల గడువు ముగియగానే నగరం విడిచి వెళ్లారు. నిరాకరణను ఎలా భరించాలో, గడువును ఎలా పాటించాలో ఇంతకన్నా గొప్పగా చెప్పేవారెవరు? వీసా కూడా ఒక ఒప్పందమే.

ఇంతమాత్రం చెప్పి తప్పుకుంటే అది నీతిబోధే అవుతుంది. కొడుకులు ఊరు విడవడానికి కారణమున్నది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెలు ఏటా ఇళ్లకు తాళాలు వేసి సుగ్గికి గుంటూరు మిరపచేలకు తరలిపోతాయి. ఎమ్మిగనూరు మగ్గాలు ఒకనాటిలా కూడు పెట్టడం లేదు. డిగ్రీ చదివిన కుర్రవాడికి మిల్లులో బేళ్లు మోయడమే గతి అయినప్పుడు ఏజెంటు మాట తీయగానే వినిపిస్తుంది. కాబట్టి ప్రభుత్వాన్ని అడగవలసినది అడుగుతున్నాము. విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవారికి ఆదోనిలో ఒక సహాయ కేంద్రం తెరవాలి. లైసెన్సు లేని ఏజెంట్ల మీద కేసులు నమోదు చేయాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం అటువంటివారికి రెండేళ్ల వరకు జైలు విధించగలదు, జరిమానా మాత్రం రెండు వేల రూపాయల వరకే. లక్షలు మింగేవాడికి ఆ జరిమానా ఒక లెక్క కాదు. దాన్ని సవరించాలి.

కుటుంబాలు తెలుసుకోవలసినవి కూడా ఉన్నాయి. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదో లేదో కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. లైసెన్సున్న ఏజెంటు కార్మికుని నుండి తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. పదో తరగతి పాసుకానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. వారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే అనుమతి తప్పనిసరి. ఆ దారిలో వెళ్లినవారికి ప్రమాదంలో మరణిస్తే పది లక్షల బీమా ఉన్నది. విజిట్ వీసా మీద పనికి పంపుతామన్నవాడు ఈ రక్షణలన్నింటినీ మొదటి రోజే తీసివేస్తున్నాడని గ్రహించాలి.

కార్యకర్తలకు, మసీదు కమిటీలకు మా విన్నపం ఒక్కటే. నిరాకరణ పత్రాన్ని ఉచితంగా చదివి అర్థం చెప్పే మనిషిని ప్రతి మొహల్లాలో ఒకరిని నిలపండి. మా తండ్రి చేతిలోని కాగితంలో కారణం స్పష్టంగానే ఉన్నది, ప్రయాణ ఉద్దేశం నమ్మదగినట్టు లేదని. దాన్ని ఆయనకు చదివి చెప్పినవారు అంతవరకు ఎవరూ లేరు. ఏజెంటు చెప్పలేదు, చెప్పడు కూడా.

ఆ ఇంటిస్థలం ప్రస్తుతానికి అమ్ముడుపోలేదు, బయానా తిరిగి ఇచ్చేశారు. కొడుకు అలిగి ఉన్నాడని తండ్రి చెప్పాడు. అలకకు మందున్నది, పని చూపించడమే. ఆ పని చూపించే బాధ్యత ప్రభుత్వంతోపాటు మనందరిది.