వాకిలంతా కారే అయితే ముగ్గెక్కడ?

కారు కొనుక్కోవడానికి బ్యాంకువాళ్లు అప్పిస్తారు. షోరూమువాళ్లు దండ వేసి, కొబ్బరికాయ కొట్టించి, ఫొటో తీసి మరీ తాళంచెవి చేతిలో పెడతారు. ‘రాత్రికి దీన్ని ఎక్కడ పెడతారమ్మా?’ అని మాత్రం ఒక్కరూ అడగరు. ఆ ప్రశ్న కారు ఇంటికొచ్చాక మొదలవుతుంది. మొదలై, ఎక్కువగా ఇంట్లో ఉండే ఆడవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. నడిపేది వాళ్లు, కాపలా మనం.

కరీంనగర్‌లో మా గల్లీ సంగతే చూడండి. ఇంటికో కారుంది. పొద్దున పదింటికి మగవాళ్లంతా బైకుల మీద వెళ్లిపోతారు. టవర్ సర్కిల్ వైపు వెళితే కారు పెట్టుకోవడానికి జాగా దొరకదు కదా! లక్షలు పోసి కొన్న బండి ఇంటిముందు, కొన్నాయన బైకు మీద. ఇక సాయంత్రం దాకా ఇంట్లో ఇల్లాలికి చెవులన్నీ బయటే. కూరగాయల బండి దగ్గరికొస్తే ‘తమ్మీ, జెర దూరంకెల్లి పో’ అనాలి. పిల్లలు బ్యాటు తీస్తే ‘అటు పోయి ఆడుకోర్రి’ అని కసరాలి. పాలబ్బాయి సైకిల్ ఎటు ఆనించాడో చూడాలి. చీకటిపడ్డాక ఆయన వచ్చి, చెప్పులైనా విప్పకుండా బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ‘ఈ గీత ఎక్కడిది?’ అంటే జవాబుండాలి.

కారు మీద మమకారాన్ని నేను ఎగతాళి చేయడం లేదు సుమా. మధ్యతరగతి ఇంట్లో కారంటే ఇనుము, రబ్బరు కాదు. పదేళ్ల పొదుపు, రెండు చిట్టీలు, ఒక్కోసారి ఇల్లాలి గాజులు కూడా అందులో ఉంటాయి. దానికి సొట్ట పడితే మనసు చివుక్కుమనడం సహజమే. నేను అడిగేదల్లా ఒకటే. ఆ సొట్ట పడకుండా చూసుకునే హడావుడిలో మన వాకిలి ఎవరిపాలవుతోంది?

మా పుట్టిల్లు ఆదిలాబాద్. నా చిన్నతనంలో మా బాపు సెకండ్ హ్యాండ్‌లో మారుతి 800 కొన్నాడు. ఇంటి పక్కన రేకులు వేసి, నాలుగు కర్రలు పాతి షెడ్డు కట్టాకే బండి తెచ్చాడు. ‘ఎడ్లు కొనేటోడు ముందుగాల కొట్టం కట్టుకోడా?’ అనేవాడు. ఆ మాటలో ఉన్న లెక్క ఇవాళ్టి మన ఇళ్లలో కనిపించదు. రెండు వందల గజాల్లో మూడంతస్తులు లేపి, కింద కారుకని వదిలిన జాగాను టైలరు దుకాణానికో గోడౌనుకో కిరాయికిచ్చి, కారును రోడ్డు మీద పెట్టేవాళ్లు ప్రతి గల్లీలో ఉన్నారు. ఇల్లు కట్టేటప్పుడు పార్కింగు చూపించాలని 2012 నాటి భవన నిబంధనలు (జీవో 168) చెబుతున్నాయి. ప్లానులో చూపిస్తారు కూడా. ప్లాను బీరువాలో ఉంటుంది, కారు బజార్లో ఉంటుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 వెడల్పు 1440 మిల్లీమీటర్లు. ఇప్పుడు అందరూ మోజుపడే క్రెటా 1790. అంటే జానెన్నర పైనే పెరిగింది. ఇళ్లు పెరిగాయి, బండ్లు పెరిగాయి, గల్లీ మాత్రం మన తాతల నాటి గల్లీయే. పదిహేను అడుగుల గల్లీ అనుకుందాం. రెండువైపులా రెండు మారుతి 800లు పెడితే మధ్యలో అయిదున్నర అడుగులు మిగిలేది, ఆటో సుఖంగా పోయేది. అదే రెండు క్రెటాలు పెడితే? మూడడుగుల పైచిలుకు. అదీ గోడకు అంటించి పెడితే. గోడకు రాసుకుంటుందని, మోరీలో చక్రం దిగుతుందని ఎవరూ అంటించి పెట్టరు కనుక ఆ మూడడుగులూ ఉండవు. మా వాడకట్టులో ఒక పెద్దావిడకు నడిరాత్రి ఆయాసం వస్తే 108 బండి మలుపు దగ్గరే ఆగిపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుపోయారు. ఆవిడ బాగానే ఉంది, ఇప్పుడు నవ్వుతూ చెప్పుకుంటుంది కూడా. కానీ ఆ కుర్చీ కారు అద్దాలకు తగలకుండా వంకరటింకరగా తీసుకెళ్లడం చూసినవాళ్లకు నవ్వు రాదు.

సరే, కారుంది. దానికి దెబ్బ తగలకూడదు. అసలు దెబ్బలు ఎక్కడినుంచి వస్తాయి? పిల్లల బంతి వల్ల వచ్చేవి చాలా తక్కువ. పక్క బండి తలుపు తెరిచినప్పుడు తగిలే సొట్టలే ఎక్కువ. ఫంక్షన్ హాలు ముందు, ఆస్పత్రి ముందు, గుడి దగ్గర గమనించండి. జనం దిగే హడావుడిలో తలుపు విసురుగా తీస్తారు. అందుకని వరుసలో చివరి జాగా వెతుక్కోవాలి, ఒకవైపు గోడో స్తంభమో ఉంటే సగం భయం తప్పినట్టే. గుమ్మానికి దగ్గరగా పెట్టాలనే ఆశ మానుకుని నూరడుగులు నడిస్తే బండీ బాగుంటుంది, ఒళ్లూ బాగుంటుంది. పత్తి సీజనులో ఆదిలాబాద్ మార్కెట్ రోడ్డు వైపు బండి పెట్టవద్దని మా తమ్ముడు అందరికీ చెబుతుంటాడు. పత్తి నింపిన ట్రాక్టరు ట్రాలీకి రెండుపక్కలా పొట్ట పొడుచుకొస్తుంది కదా, వెనక ఏం గీరుకుందో నడిపే అతనికి తెలియనే తెలియదు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన బాధ కోతులది. సైడు అద్దంలో తన ముఖం చూసుకుని అది ఇంకో కోతి అనుకుని కొట్లాటకు దిగుతుంది. అద్దం పగులుతుంది, వైపరు ఊడుతుంది, పైకప్పు మీద దూకితే గిన్నెలా లోపలికి పోతుంది. కొండగట్టుకు బండి పూజ చేయించడానికి వెళ్లి, పూజ కాకముందే అద్దం పోగొట్టుకున్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు! 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉన్న నిర్మల్‌లో 2020 డిసెంబరులో కోతుల కోసం ఒక పునరావాస కేంద్రమే తెరిచారంటే బెడద ఎంతటిదో అర్థం చేసుకోవచ్చు. దీనికి మన దగ్గర పైసా ఖర్చులేని మందుంది. బండి ఆపగానే అద్దాలు లోపలికి ముడిచేయడం, ముడవడానికి వీల్లేకపోతే పాత గుడ్డసంచి తొడగడం. మా గల్లీలో పిల్లల పాత సాక్సులు తొడిగిన కార్లు కూడా ఉన్నాయి. చూడటానికి నవ్వొస్తుంది కానీ పనిచేస్తుంది.

గీతల్లో సగం మన చేతులతోనే పడతాయంటే మగవాళ్లు ఒప్పుకోరు. కరీంనగర్ చుట్టూ గ్రానైటు క్వారీలు, లారీలు. ఆ రాతిపొడిలో ఉండే క్వార్ట్జ్ కారు పైపూత కన్నా గట్టిది. పొద్దున్నే పొడిగుడ్డ తీసుకుని ‘తళతళ’ అని రుద్దితే అది గరుకు కాగితంతో రుద్దినట్టే. గోదావరిఖనిలో ఉండే మా చిన్నమ్మ వాళ్లకు బొగ్గుదుమ్ము. ఆవిడ ముందు నీళ్లు పోసి దుమ్ము కారిపోయాకే గుడ్డ పెట్టనిస్తుంది. బియ్యం కడిగాకే కదా ఎసట్లో పోస్తాం అంటుంది. కవరు కప్పే అలవాటున్నవాళ్లు కూడా దుమ్ము మీద కవరు లాగితే అంతే సంగతి. ఇక పక్షి రెట్టలో ఆమ్లం ఉంటుంది. మే నెల ఎండకు అది పెయింటులోకి దిగిపోతుంది. తడిగుడ్డ కాసేపు కప్పి, నానాక ఎత్తేయాలి, గోకకూడదు. వేపచెట్టు నీడ మంచిదే, చెట్టు మీద కాకిగూడు ఉందో లేదో ఒకసారి తలెత్తి చూసుకుంటే.

ఇంత చేసినా ఏదో ఒకనాడు గీత పడుతుంది. వెంటనే ‘ఇన్సూరెన్సు ఉందిగా’ అంటారు. ఇంటి ఖర్చుల లెక్క రాసేది మనమే కనుక ఇది మనం తెలుసుకోవాలి. ఏడాది పొడుగునా క్లెయిము అడగకపోతే, మన బండి డ్యామేజీకి కట్టే ప్రీమియంలో మరుసటి ఏడాది 20 శాతం తగ్గిస్తారు. అది పెరుగుతూ వరుసగా అయిదేళ్లు అడగకపోతే 50 శాతానికి చేరుతుంది. ఒక్క క్లెయిము పెడితే, ఆ రాయితీ పోకుండా విడిగా డబ్బు కట్టి ఉంటే తప్ప, మళ్లీ మొదటికే. పైగా ప్రతి క్లెయిములో చిన్న కార్లకు మొదటి వెయ్యి రూపాయలు మనమే భరించాలి. కాబట్టి చిన్న సొట్టకు జేబులోంచి ఇచ్చుకోవడమే లాభం. పెయింటు పగలని సొట్టను లోపలి నుంచి మెల్లగా నెట్టి సరిచేసే పనివాళ్లు ఉన్నారు, రంగు వేయక్కర్లేదు. నా మటుకు, లోహం బయటపడని గీతను అలాగే వదిలేయమంటాను. నాలుగేళ్ల బండికి నాలుగు గీతలుంటే తప్పేముంది? స్టీలు బిందెకు ఉండవా?

అసలు నాకు కష్టమనిపించేది ఇంకొకటి. కారు లేనప్పుడు కూడా కారు జాగాను కాపాడుకోవడం! ఆయన ఊరికి వెళితే ఆ ఖాళీలో ఇంకొకరు బండి పెట్టకుండా పూలకుండీలు, నీళ్ల డ్రమ్ములు, ఇనుప గొలుసులు. కరీంనగర్‌లో గ్రానైటు ముక్కలకు కరువా? తలా రెండు తెచ్చి పెట్టారు. రాత్రిపూట స్కూటీ మీద వచ్చే ఆడపిల్లలు వాటికి తగిలి పడుతున్నారు. గేటు దాటాక ఉన్నది మున్సిపాలిటీ రోడ్డు, మన అత్తగారిచ్చిన ఆస్తి కాదు. ఇంకొకరి గేటుకు అడ్డంగా బండి పెట్టకూడదని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. మన గేటు ముందున్న రోడ్డు మనకు రాసిచ్చారని మాత్రం ఎక్కడా లేదు.

ఈ రోడ్డునే మనం ఒకప్పుడు వాకిలి అనేవాళ్లం. పొద్దున్నే ఊడ్చి, సాన్పి చల్లి ముగ్గేస్తే అది మనదీ, నడిచే అందరిదీ. ఇప్పుడు కారు కింద సాన్పి చల్లితే టైర్లు పాడవుతాయంటారు, ముగ్గేస్తే పొడి ఎగిరి బండి మీద పడుతుందంటారు. దాంతో గేటు లోపల రెండు గళ్లలో స్టిక్కరు ముగ్గు అంటించి ఊరుకుంటున్నాం. ఎండాకాలం సాయంత్రాలు అరుగుల మీద కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే చోట ఇప్పుడు బంపర్లు ఉన్నాయి. ఇంట్లో ఉండే ఆడదానికి బయట ప్రపంచం అంటూ ఉన్నది ఆ పదడుగులే కదా! పిల్లలకైతే అదే గ్రౌండు.

కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లు ఏం చేస్తారు, కొట్టం ఎక్కడ కడతారు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా గల్లీ చివర ఒక ఖాళీ ప్లాటు ముళ్లకంపతో ఉండేది. అయిదిళ్ల ఆడవాళ్లం కలిసి యజమానురాలితో మాట్లాడాం. నెలకు ఇంత అని కిరాయి, కంప కొట్టించి మొరం పోయించే ఖర్చు మాది, గేటుకు అయిదు తాళంచెవులు. మగవాళ్లు మొదట ఒప్పుకోలేదు. ‘కండ్ల ముందట లేకుంటే నిద్ర పడ్తదా?’ అన్నాడు ఒకాయన. పడుతోంది. తలుపులు పూర్తిగా తెరుచుకునేంత దూరం విడిచి బండ్లు పెడుతున్నారు కనుక ఆ అయిదు కార్లకూ ఇంతవరకు కొత్త సొట్ట లేదు. వానాకాలంలో బురద మాత్రం ఉంది, ఇంకో రెండు ట్రాక్టర్ల మొరం కావాలి.

అందరూ చేరలేదు. ఒక పెద్ద బండి, వెండిరంగు కవరుతో, ఇప్పటికీ గల్లీ నడిమధ్యలో ఉంది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది సాయంత్రాలు బతుకమ్మలు ఎక్కడ పెట్టాలో ఆ కవరును చూస్తే అర్థం కాదు. పోయిన ఏడాది దాని చుట్టూ తిరిగి ఆడాం, కొత్తవాళ్లు చూసి బతుకమ్మ కవరు కింద ఉందనుకున్నారేమో! ఈ ఏడు పండుగకు ముందే ఆయనను ప్లాటులో పెట్టమని అడగాలని నిర్ణయించాం. అడిగే పని మా ఎదురింటి వదినెకు అప్పగించాం. ఆయన చిన్నప్పుడు ఆవిడ దగ్గరే ట్యూషన్ చదువుకున్నాడట.