రక్తాన్ని తూచిన రాష్ట్రం

కాన్పయ్యాక బాలింతకు ఎంత రక్తం పోయిందో ఎలా తెలుస్తుంది? చాలాకాలం పాటు అన్ని దేశాల్లోనూ డాక్టర్లు చేసింది ఒకటే, చూసి చెప్పడం. ఇన్ని గుడ్డలు తడిశాయి, ఇంత మడుగు కట్టింది, ఓ అర లీటరు పోయి ఉంటుందని అనుకోవడం. ఈ కంటి లెక్కలో ఒక చిక్కుంది. రక్తం కొద్దిగా పోయినప్పుడు అంచనా కాస్త ఎక్కువగా వస్తుంది. బాగా పోయినప్పుడు తక్కువగా వస్తుంది. అంటే బాలింత చావుబతుకుల్లో ఉన్నప్పుడే లెక్క తప్పుతుందన్నమాట.

కాలిఫోర్నియాలో ఒక సంస్థ ఆసుపత్రులను ఒప్పించి ఆ గుడ్డల్ని తూకం వేయించింది. తడిసిన గుడ్డ బరువులోంచి పొడి గుడ్డ బరువు తీసేస్తే మిగిలేది రక్తం. గ్రాముకు సుమారు ఒక మిల్లీలీటరు. మామూలు కాన్పులో అర లీటరు, సిజేరియన్‌లో లీటరు దాటగానే ఎవరెవరు పరుగెత్తి రావాలో, ఏ మందు ముందివ్వాలో, రక్తనిధికి ఎప్పుడు కబురు చేయాలో ముందే రాసి పెట్టారు. కావలసినవన్నీ ఒకే బండిలో సర్ది ప్రసవ గది పక్కన ఉంచారు. అగ్నిమాపక సిబ్బంది చేసినట్టు ఉత్తుత్తి కసరత్తులు చేయించారు. ఇందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రమూ లేదు. అయినా ఈ పద్ధతి పట్టిన 99 ఆసుపత్రుల్లో, తీవ్ర రక్తస్రావమైన తల్లులు ప్రాణాపాయం దాకా వెళ్లడం 20.8 శాతం తగ్గింది. పట్టని ఆసుపత్రుల్లో తగ్గింది 1.2 శాతం.

ఆ సంస్థ పేరు కాలిఫోర్నియా మెటర్నల్ క్వాలిటీ కేర్ కొలాబొరేటివ్. అక్కడివాళ్లు పొడి అక్షరాలతో సీఎంక్యూసీసీ అంటారు. స్టాన్‌ఫర్డ్ వైద్య విద్యాలయంలో ఉండి పనిచేస్తుంది. లాభాపేక్ష లేదు. 2006లో పుట్టింది. అప్పట్లో అమెరికాలో పుట్టే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు పుట్టే రాష్ట్రంలో తల్లుల మరణాలు కొన్నేళ్లలోనే దాదాపు రెట్టింపై, ఆ ఏడాది లక్ష జననాలకు 16.9కి చేరాయి. అంత సంపన్న రాష్ట్రానికి అది తలవంపు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏళ్ల తరబడి కాన్పులు చేసిన డాక్టర్ ఎలియట్ మెయిన్ వైద్య సారథిగా నిలబడ్డారు. 2013 నాటికి ఆ అంకె 7.3కి దిగింది. అదే కాలంలో మిగతా అమెరికాలో పెరుగుతూ పోయింది.

నన్ను ఆకట్టుకున్నది ఈ సంస్థ చేతిలో ఏ అధికారమూ లేకపోవడం. జరిమానా వేయలేదు, లైసెన్సు రద్దు చేయలేదు. తన పుట్టుకతో పాటే రాష్ట్ర ఆరోగ్య శాఖ మొదలుపెట్టిన మరణ సమీక్షలో పాలుపంచుకుంది. చనిపోయిన ప్రతి తల్లి కాగితాలూ తెప్పించి, పేర్లు తీసేసి, నిపుణులు చదివారు. రక్తస్రావంతో, గర్భిణికి బీపీ పెరిగి వచ్చే గుర్రపు వాతంతో పోయినవాళ్లలో సగానికి పైగా బతకాల్సిన వాళ్లేనని తేలింది. ప్రమాద సంకేతాన్ని ఎవరో ఒకరు ఆలస్యంగా గుర్తించారు, లేదా గుర్తించినా మిగతావాళ్లు కదల్లేదు. 2010లో రక్తస్రావం మీద వచ్చిన మార్గదర్శిని ఆ చావుల్లోంచి రాసిందే. తర్వాత గుర్రపు వాతం మీద మరొకటి వచ్చింది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు.

2012లో సమాచార కేంద్రం తెరిచారు. జనన ధ్రువపత్రాలనూ ఆసుపత్రి రికార్డులనూ కలిపి, ఏ ఆసుపత్రి అంకె ఆ ఆసుపత్రికి, మిగతావాటి పక్కన పెట్టి, కొద్ది నెలల్లోనే చూపిస్తారు. రెండేళ్ల నాటి లెక్క చూపిస్తే ఏ డాక్టరైనా ‘అప్పుడలా ఉండేది, ఇప్పుడు మారాం’ అంటాడు. మొన్నటి లెక్క ముందు పెడితే ఆ మాట అనలేడు. ఇప్పుడు రాష్ట్రంలో జరిగే కాన్పుల్లో నూటికి తొంభైకి పైగా ఈ లెక్కలోకి వస్తాయి. అక్కడి ఫ్రీమాంట్, సన్నీవేల్‌లలో ఉండే మన అమ్మాయిల కాన్పులు కూడా అందులో ఉన్నవే.

సిజేరియన్ల దగ్గర ఈ లెక్కకు అసలు పరీక్ష ఎదురైంది. తొలి కాన్పు, నెలలు నిండిన ఒకే బిడ్డ, తల కిందికే ఉంది. పెద్దగా ప్రమాదం లేని ఇలాంటి కాన్పుల్లోనూ 2014లో కాలిఫోర్నియాలో 26 శాతం మందికి కడుపు కోశారు. పక్కపక్క ఆసుపత్రుల మధ్య కూడా పొంతన లేని తేడాలున్నాయి. తల్లులు ఒకటే అయినప్పుడు తేడా డాక్టర్లలో ఉన్నట్టే కదా. కొన్ని ఆసుపత్రుల్లో ఎవరి అంకె ఎంతో పేరుతో సహా తోటి డాక్టర్లకు చూపించారు. లక్ష్యం అందుకున్న ఆసుపత్రుల జాబితాను ప్రభుత్వం ఏటా ప్రకటించింది. లక్ష్యం 23.9 శాతం. దాన్ని పట్టించుకోని ఆసుపత్రులను తమ జాబితాలోంచి తీసేయాల్సి వస్తుందని రాష్ట్ర బీమా మార్కెట్ కవర్డ్ కాలిఫోర్నియా హెచ్చరించింది. 2019కి ఈ సిజేరియన్ల వాటా 22.8 శాతానికి వచ్చింది. బిడ్డలకు హాని పెరిగిన దాఖలా కనబడలేదు. డాక్టర్ల మనస్సాక్షి ఒక్కటే పనిచేసిందని నేననను. బీమా డబ్బు భయం కూడా పనిచేసింది. లెక్క చేతిలో లేకపోతే ఆ భయం పెట్టడానికీ ఆధారం ఉండేది కాదు.

అంతా జయమే అనుకోనక్కర్లేదు. అక్కడ నల్లజాతి తల్లుల మరణాలు ఇప్పటికీ తెల్లజాతి వారికంటే మూడు రెట్లు పైనే. గుడ్డలు తూచినంత మాత్రాన ఆ తేడా పోలేదు. కోవిడ్ ఏళ్లలో మొత్తం మరణాలూ మళ్లీ పెరిగాయి.

‘అది అమెరికా, డబ్బున్న దేశం’ అని ఎవరైనా అంటే కేరళ చూడమంటాను. అక్కడి ప్రసూతి వైద్యుల సమాఖ్య, ప్రభుత్వ అనుమతితో, 2004 నుంచి ప్రతి తల్లి మరణాన్నీ గోప్యంగా సమీక్షిస్తోంది. బ్రిటన్ 1952 నుంచి చేస్తున్న పనే దానికి నమూనా. తల్లి పేరుండదు, డాక్టరు పేరుండదు, ఆసుపత్రి పేరుండదు. ఎందుకు చనిపోయిందన్నదే ఉంటుంది. డాక్టర్ వి.పి. పైలీ వంటివారు ఈ పనికి ఏళ్లు ధారపోశారు. కేరళలో లక్షకు 2007-09లో 81 ఉన్న మాతృ మరణాలు 2018-20కి 19కి దిగాయి. సమీక్ష వల్లే దిగాయని చెప్పలేం, కానీ అక్కడి డాక్టర్లకు తమ తల్లులు ఎందుకు చనిపోతున్నారో తెలుసు.

మనమూ ఊరికే లేం. 2007-09లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 134. 2018-20లో తెలంగాణ 43, ఆంధ్రప్రదేశ్ 45. అంబులెన్సులు, ఆశా కార్యకర్తలు, ఆసుపత్రి కాన్పులు కలిసి ఇక్కడిదాకా తెచ్చాయి. ఇక్కణ్నుంచి కేరళ దాకా వెళ్లాలంటే ఆసుపత్రికి చేర్చడం చాలదు, లోపల ఏం జరుగుతోందో చూడాలి.

లోపల జరిగేది సిజేరియన్ల లెక్కలోనే కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతమైతే తెలంగాణలో 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి ఎనభైకి పైగానే. ఇవి అన్ని కాన్పులకూ కలిపిన లెక్కలు కాబట్టి కాలిఫోర్నియా అంకెతో నేరుగా పోల్చకూడదు. పోల్చకపోయినా తలదించుకోవాల్సిందే. ఇందులో ముహూర్తం పెట్టించుకొచ్చే మన కుటుంబాల వాటా కూడా ఉంది, తప్పంతా డాక్టర్ల మీదికి నెట్టేయలేం. తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో మిడ్‌వైఫ్‌లను తయారుచేయడం మంచి పనే. కానీ ఏ ఆసుపత్రిలో ఎన్ని సిజేరియన్లో జనానికి చెప్పే ఏర్పాటు లేకుండా ఆ మిడ్‌వైఫ్ ఒక్కతే ఏం చేయగలదు?

డాక్టర్ల భయమూ నిజమే. 2022లో రాజస్థాన్‌లోని దౌసాలో ఒక బాలింత రక్తస్రావంతో చనిపోతే, కాన్పు చేసిన డాక్టరు మీద హత్య కేసు పెట్టారు. ఆ డాక్టరు ఆత్మహత్య చేసుకుంది. మరణం మీద నిజం రాస్తే జైలుకు పోతామనుకునే చోట ఎవరూ నిజం రాయరు. అందుకే సమీక్షకు వచ్చిన కాగితాలు పోలీసులకూ కోర్టులకూ వెళ్లవన్న చట్టపరమైన రక్షణ ముందు కావాలి. అది ఇవ్వాల్సింది రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు. పనిని మాత్రం ప్రభుత్వ శాఖకు అప్పగించకూడదు. తనిఖీ చేసే శాఖకు ఏ ఆసుపత్రీ తన పొరపాటు చెప్పుకోదు. రెండు రాష్ట్రాల ప్రసూతి వైద్యుల సంఘాలు, ఒక వైద్య విశ్వవిద్యాలయాన్ని కలుపుకుని, కేరళ వాళ్లలాగా తామే ముందుకు రావాలి.

అంతదాకా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. ఇంట్లో కోడలో కూతురో కాన్పుకు సిద్ధమవుతుంటే, పేరు నమోదు చేయించే రోజునే ఆసుపత్రిలో అడగండి: మీ దగ్గర తొలి కాన్పుల్లో సిజేరియన్లు నూటికి ఎన్ని? కాన్పయ్యాక పోయిన రక్తాన్ని తూస్తారా, చూసి చెబుతారా? జవాబు చెప్పడానికి చిరాకుపడే ఆసుపత్రి అయితే ఇంకోటి చూసుకోండి.