మా వదిన చీరల కేటలాగు, నా స్క్రిప్టు

ఇక్కడ ఏదైనా రాసి చాలా రోజులయింది. ఆఫీసు పని ఒక కారణమైతే, మా వదిన చీరల వ్యాపారానికి కేటలాగ్ చేసి పెట్టడం రెండోది. ఆఫీసు గురించి చెప్పుకోవడానికేమీ లేదు. ఈ రెండోది మాత్రం నా ఇంజనీరింగ్ డిగ్రీ పరువు కాస్త తీసింది కాబట్టి చెప్పుకోవాలి.

మేముండేది నాదర్‌గుల్‌లో. వదిన రెండేళ్ళుగా ఇంట్లోనే చీరలు అమ్ముతోంది. కొన్ని మదీనా దగ్గర హోల్‌సేల్ షాపుల్లో తెస్తుంది, కొన్ని సూరత్ నుంచి పార్సిల్లో వస్తాయి, కొన్ని అసలు కంటితో చూడకుండానే అమ్ముతుంది. ఈ చివరి పద్ధతి తెలియనివాళ్ళ కోసం: సప్లయర్ ఫోటోలు పంపుతాడు, మనం వాటి మీద వందో రెండొందలో వేసుకుని మన గ్రూపులో పెడతాం, ఆర్డరొస్తే అతనే కొన్నవాళ్ళింటికి పంపేస్తాడు. 2015లో బెంగళూరులో మొదలైన మీషో తొలి రోజుల్లో పెరిగింది ఇలా అమ్మేవాళ్ళ మీదే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మా కాలనీ దాకా ఎక్కడైనా అడిగి చూడండి, "మా పక్కింటావిడ అమ్ముతుంది" అనే మాట వినబడుతుంది.

నేనేం చేశానంటే, ఓ ఆదివారం కూర్చుని సప్లయర్ల ఫోటోలు, వాళ్ళు రాసిన వివరాలు అన్నీ ఒక స్క్రిప్టుతో షీట్లోకి లాగి, అక్కణ్ణుంచి వాట్సాప్ బిజినెస్ కేటలాగులోకి ఎక్కించా. 2019లో వచ్చిన ఈ కేటలాగులో ఐదొందల వస్తువుల దాకా పెట్టుకోవచ్చు. నేను 412 పెట్టా. ఎల్బీనగర్లో మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో దిగేదాకా దాన్నే చూసుకుని మురిసిపోయాను.

రెండు వారాల తర్వాత వదిన అంది: "నాలుగొందల చీరలు పెట్టినవ్. అడిగేటోళ్ళు మస్తుగున్నరు, కొనేటోళ్ళే లేరు."

అడిగినవాటిల్లో సగం సప్లయర్ దగ్గర అయిపోయాయి. మిగతావాటికి ఒకే రకం ప్రశ్నలు. బ్లౌజ్ ఉందా? రంగు ఇదేనా? ఉతికితే పోతుందా? అన్నిటికీ వదిన సమాధానం "కనుక్కుని చెప్తా". నా 412 చీరల్లో ఒక్క ప్రశ్నకీ జవాబు లేదన్నమాట.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మా వీధిలో ఒక ఆంటీ కూతురికి ఒడిబియ్యం పోస్తూ పెట్టడానికి కేటలాగులోంచి చీర తీసుకుంది. ఎనిమిదొందల యాభై రూపాయలు. పేరు దగ్గర "ప్యూర్ పోచంపల్లి సిల్క్ ఇక్కత్" అని ఉంది. సప్లయర్ రాసింది, నా స్క్రిప్టు ఎత్తుకొచ్చింది. ఫంక్షన్‌లో చౌటుప్పల్ వైపు నుంచి వచ్చిన వియ్యాలవారి బంధువొకావిడ చీర తిరగేసి చూసి, "గీ రేటుకు పోచంపల్లి పట్టెట్లొస్తదే? ఇది అచ్చు" అనేసింది.

ఆంటీ గొడవ చెయ్యలేదు. చీర కవర్లో పెట్టుకుని వచ్చింది. "పైసల గురించి కాదమ్మా, నలుగుర్ల నా ఇజ్జత్ పోయింది" అంది. వదిన డబ్బులు తిరిగిచ్చేసింది. నేను లోపలి గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఇదంతా విన్నాను. బయటికి రాలేదు. వచ్చి "ఆ పేరు నేనే పెట్టానాంటీ" అనాల్సింది.

ఆ బంధువు చెప్పింది ఎవరైనా పోల్చుకోగలిగిందే. ఇక్కత్‌లో ముందు నూలుకి ముళ్ళు కట్టి రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ అంచులు గీత గీసినట్టుండవు, కొంచెం చెదిరినట్టుంటాయి. వెనక్కి తిప్పినా రంగు ముందువైపు ఉన్నట్టే ఉంటుంది. అచ్చు వేసిన చీర తిప్పితే చాలావరకు వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు ఎవరి చీరకి పడితే వాళ్ళ చీరకి తగిలించుకునేది కాదు. విజయవాడ రోడ్డెక్కి చౌటుప్పల్ దాకా పోనక్కర్లేకుండానే మాకు అందేంత దగ్గరున్న ఊరు పోచంపల్లి. అలాంటిది ఎవరో సూరత్‌లో రాసిన మాటని నమ్మి మా వీధిలో అమ్మాం.

అప్పట్నుంచి నా అభిప్రాయం ఒకటే. చేతిలోకి తీసుకుని చూడని వస్తువుని కేటలాగులో పెట్టకూడదు. స్టాకు పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు, ఒప్పుకుంటా. కనీసం ఒక్క పీసు తెప్పించుకుని, చూసి, ఒకసారి తడిపి, అప్పుడు రాయండి. ఆ ఒక్క పీసుకి కూడా డబ్బు పెట్టబుద్ధి కావట్లేదంటే దాన్ని పక్కవాళ్ళకి అంటగట్టే హక్కు మనకెక్కడిది?

అమెరికాలో షికాగోలో మాంట్‌గోమరీ వార్డ్ అనే ఆయన 1872లో రైతులకి పోస్టులో సరుకులమ్మడం మొదలుపెట్టినప్పుడు ఆయన మొదటి కేటలాగు ఒకే ఒక్క కాగితం. 163 వస్తువులు, వాటి ధరలు. బొమ్మల్లేవు. 1875కల్లా నచ్చకపోతే డబ్బు వాపసు అన్నాడు. ఊరి కొట్టువాణ్ణి వదిలి ఎక్కడో ఉన్న షికాగోవాణ్ణి నమ్మారు జనం. నాకేమో హై రిజల్యూషన్ ఫోటోలు 412 ఉన్నాయి :)

సరే, మళ్ళీ మొదలుపెట్టాం. అన్నీ తీసేసి, అల్మారాలో నిజంగా ఉన్న 38 చీరలే పెట్టాం. పొద్దున ఎనిమిదింటికి బాల్కనీలో ఎండ నేరుగా పడని చోట దండెం మీద వేసి తీశాం. మొత్తం చీర ఒకటి, కొంగు ఒకటి, వెనకవైపు ఒకటి. ఎక్కడైనా దారం లేచి ఉంటే దానికీ ఒక ఫోటో. వదినకి ఇది నచ్చలేదు మొదట. ఆ లోపమున్న చీర యాభై తగ్గించి పెడితే ముందదే పోయింది.

నెంబర్ల దగ్గర మా ఇద్దరికీ చిన్న యుద్ధం. నేను రకం, నూలు, రంగు, సీరియల్ కలిపి పదక్షరాల కోడ్ తయారుచేశా. "గిది ఫోన్ల ఎవరన్న చదువుతరా?" అంది. ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా చీటీలు రాసి చీరలకి పిన్ను పెట్టింది. ఇప్పుడు ఫోన్ చేసి "పద్నాలుగుందా?" అంటున్నారు. ప్రైమరీ కీ అంటే ఏమిటో నాకు కాలేజీలో చెప్పారు, వదినకి ఎవరూ చెప్పలేదు.

రంగులదీ ఇదే కథ. సప్లయర్లు పీచ్, వైన్, మస్టర్డ్ అని రాస్తారు. వదిన ఉల్లిపొర రంగు, వంగపండు రంగు, మెంతి రంగు, నెమలికంఠం అని రాసింది. రామా గ్రీన్‌ని మాత్రం అలాగే ఉంచింది, అది అందరికీ తెలుసంది. ఒక్కో ఫోన్లో ఒక్కోలా కనిపించే రంగుని ఫోటో తేల్చలేదు. ఉల్లిపొర అంటే మాత్రం ఏ ఫోనున్నా ఉల్లిపొరే. రంగు తేడా వచ్చిందని వాపసొచ్చిన చీర తర్వాత ఒక్కటీ లేదు.

ఒక విషయంలో మాత్రం ఇంకా వాదన నడుస్తోంది. చాలామంది "రేటు కోసం మెసేజ్ పెట్టండి" అంటారు కదా, నాకది చిరాకు. అడిగి వద్దంటే బాగోదని మొహమాటపడి అసలడగని వాళ్ళెంతమందో. రేటు పెడితే ఇంకొకరు యాభై తగ్గించి అమ్ముతారని వదిన భయం. సప్లయర్ ఫోటోనే అందరూ పెడితే ఆ భయం నిజమే, ఫోటో చూడగానే పోల్చేస్తారు. మన బాల్కనీ ఫోటో మన దగ్గరే ఉంటుంది కదా అంటాను. ప్రస్తుతానికి రేటు పెడుతున్నాం. పండగలప్పుడు తీసేస్తానని బెదిరిస్తోంది.

రోజూ రాత్రి సీరియల్ అయ్యాక పది నిమిషాలు అమ్మేసినవి తీసెయ్యడం కూడా ఆవిడే చేస్తుంది. నా స్క్రిప్టు దేనికీ పనికిరాలేదు, నిజం చెప్పాలంటే.

ఆంటీ ఆ తర్వాత ఏమీ కొనలేదు. నేను ఒకరోజు వెళ్ళి ఆ పేరు నా వల్లే పడిందని చెప్పా. టీ ఇచ్చింది, మా ఆఫీసు గురించి అడిగింది, చీర మాట ఎత్తలేదు.

ఆ రకం చీరలు ఇంకో ఆరు తెప్పించి ఉన్నాయి అప్పటికే. వాటికి "పోచంపల్లి డిజైన్ అచ్చు. నేత కాదు, పట్టు కాదు. రోజువారీ కట్టుకోవడానికి బాగుంటుంది. 750" అని రాశాం. నాలుగు పోయాయి. 21, 22 నెంబర్లు ఇంకా ఉన్నాయి, కావాలంటే చెప్పండి.